పదిహేడో లేఖలో అలుగు

ఒంటినిండా పొలుసులుండి, చీమలు తిని బతుకుతూ, మనిషి అలికిడి వినగానే బంతిలా ముడుచుకుపోయే అలుగుమీదుగా వరదనీరు సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల చొప్పున పొర్లుతుంది? ఈ ప్రశ్నను ఆగస్టు నాలుగో తేదీన మా జిల్లా చెరువుల విభాగం కార్యనిర్వాహక ఇంజనీరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముట్టినట్టు రసీదు వచ్చింది. జవాబు రాలేదు.

తెలుగులో అలుగు అనే మాటకు రెండు అర్థాలు బాగా వాడుకలో ఉన్నాయి. చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోవడానికి కట్ట చివర కట్టే రాతి కట్టడం ఒకటి. మా కొండవాలు ఊళ్ళ చేలగట్లలో బొరియ తవ్వుకుని ఉండే జంతువు మరొకటి. ఎవరు ఏ అలుగును గురించి మాట్లాడుతున్నారో గొర్రెల కాపరికి సందర్భాన్నిబట్టి తెలుస్తుంది. ఫైలులో సందర్భానికి గడి లేదు. అందువల్ల ఇదంతా జరిగింది.

1869 నుంచి 1874 దాకా మా జిల్లాలో సర్జనుగా పనిచేసిన ఆల్డర్‌టన్ దొరకు చిన్న జంతువుల పిచ్చి. చుంచెలుక, ఉడుత, ముంగిస, పందికొక్కు, గబ్బిలం. పిల్లకు పాలిచ్చే ప్రాణి ఏదైనా సరే, కుక్కకంటే పెద్దది కాకపోతే ఆయనకు కావాలి. ఈ నేలమీద ఆయనకు దొరికిన సాటి పరిశోధకుడు తాలూకా కచేరీ శిరస్తాదారు బుక్కపట్టణం వీరరాఘవయ్య. ఇద్దరి మధ్య నలభైమూడు ఉత్తరాలు నడిచాయి. దొర సారాయిలో ఊరవేసిన కళేబరాలు అడుగుతాడు. వీరరాఘవయ్య బతికున్న జంతువు ఏం చేస్తోందో రాసి పంపుతాడు. "తమరు ముంగిస పుర్రె కొలతలు కోరినారు. సదరు పుర్రె ఇంకను ముంగిస ఉపయోగములోనే యున్నందున పంపజాలను" అని ఆరో ఉత్తరంలో ఉంది.

ముప్ఫైయొక్క ఏళ్ళు జంతుశాస్త్రం పాఠం చెప్పి విరమించాక, చెదలు తినగా మిగిలిన ఆ ఉత్తరాలను మూడేళ్ళు కూర్చుని ఎత్తిరాశాను. శుద్ధప్రతిని జిల్లా రికార్డు రూముకు అప్పగించాను. పదిహేడో ఉత్తరం, 1871 నవంబరు నాటిది, వీరరాఘవయ్య రాసింది, ఇలా ఉంటుంది:

"గువ్వలమిట్టకు తూర్పున ఓబన్న చేనిగట్టున అలుగు ఒకటి కలదు. పొడవు రెండు మూరల పైచిలుకు. మీదనంతయు పలకలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. చీమలను తినును. తాకినంతనే ముడుచుకొనును. దాని పిల్ల తోకను పట్టుకొనియుండును. నిన్నటి దినము మరల చూడబోవునంతలో అలుగు పారిపోయినది. మన్నించవలెను."

దొర తెలుగు నేర్చుకున్నది రెవెన్యూ దస్త్రాలనుంచి. కనుక పద్దెనిమిదో ఉత్తరంలో ఆయన, చెరువు అలుగుల సంగతి ఇంజనీరుకు రాయండి, నాకు జంతువులు కావాలి అని ఇంగ్లీషులో విసుక్కున్నాడు. పందొమ్మిదో ఉత్తరంలో వీరరాఘవయ్య దిద్దాడు: "తమరు తలచినది రాతి అలుగు. నేను వ్రాసినది ప్రాణముగల అలుగు. అది తానై రాల్చుకొన్న పొలుసు నొకటి ఉడుతాభక్తిగా పంపుచున్నాను." దొర క్షమాపణ చెప్పాడు. టపా మనిషి కాలినడకన మోసుకెళ్ళిన ఆ రోజుల్లో ఈ పొరపాటు మొదలై ముగియడానికి పట్టిన కాలం తొమ్మిది రోజులు.

పోయిన సంవత్సరం ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో "ఇతరములు" అనే శీర్షిక ఇకపై ఉండరాదు. ప్రతి కాగితమూ ఏదో ఒక శాఖకు చెంది తీరాలి. చెందని కాగితం ఉన్నట్టయితే అది లేనట్టే. ఉత్తరాలు ఎక్కడున్నాయో చూద్దామని రికార్డు రూముకు వెళ్ళిన రోజున అక్కడి గుమాస్తా మస్తానయ్య ఖాళీ బీరువా చూపించాడు.

"పంచేసినాం మేడం. జంతువులకు శాఖ లేదు గదా."

"అటవీశాఖ ఉంది."

"అడిగినా మేడం. మీ జంతువులు అడవిలో ఉన్నట్టు సర్టిఫికెట్ ఉందా అన్నారు. ఊర్లో ఉండే జంతువులంటే పశుసంవర్ధక శాఖ. ఆడికి పోతే, వాటికి పాలు పిండుతారా అన్నారు. పిండరు అన్నా. అయితే మాకెందుకన్నారు."

"తరువాత?"

"కంప్యూటర్‌లో మాట కొడితే శాఖ పేరు వస్తాది. అట్ల పంపినా. నాదేమీ లే."

ఆయన చదివి వినిపించిన జాబితా నాకు కంఠతా వచ్చింది. పందికొక్కుల ఉత్తరాలు గోదాముల దృష్ట్యా పౌరసరఫరాల శాఖకు. దేవాంగపిల్లి ఉత్తరం చేనేత శాఖకు. పందొమ్మిదో ఉత్తరంలో భక్తి ఉన్నది కనుక అది దేవాదాయ శాఖకు. పద్దెనిమిదోది ఇంగ్లీషులో ఉన్నందున అనువాద విభాగంలో తన వంతుకోసం ఎదురుచూస్తోంది. పదిహేడోది చెరువుల విభాగానికి.

ఆ విభాగంలో అప్పుడు "తప్పిపోయిన చెరువుల అన్వేషణ మాసోత్సవం" రెండో నెలలో ఉంది. ప్రతి డివిజనూ, కబ్జాకు గురై కనబడకుండా పోయిన చెరువులను ఏడింటిని కనిపెట్టి, ఆక్రమణలు తొలగించి, ఫొటోతో నివేదించాలి. మా డివిజను ఆరు కనిపెట్టింది. ఏడోది ఎక్కడ వెతికినా లేదు. చెరువు తప్పిపోవాలంటే ముందు ఉండాలి కదా. అటువంటి సమయంలో కార్యనిర్వాహక ఇంజనీరు చక్రధర్ గారి బల్లమీదికి, ఊరిపేరుతో, దిక్కుతో, రైతు పేరుతో సహా, పదిహేడో ఉత్తరం చేరింది.

జూలై చివరివారంలో మా ఇంటి గడపలో ఒక యాభైయేళ్ళ స్త్రీ నిలబడింది. చేతిలో మడతపెట్టిన కాగితం.

"బ్రమరాంబ మేడమంటే మీరేనా?"

"నేనే."

"నా చేన్లో అలుగుండాదని రాసిచ్చింది మీరే గదా."

"మీ చేనిలో అని రాయలేదు. ఓబన్న చేనిలో అని ఉంది."

"ఓబన్న మా ఆయనకు తాత తాత. ఆ చేనే ఈ చేను. నా పేరు ఓబుళమ్మ." కాగితం విప్పి నా ముందు పెట్టింది. "చదవండి. మీ పేరు గూడా ఉండాది దాంట్లో."

ఉంది. "విషయము: గువ్వలమిట్ట చెరువు అలుగును ఐదు తరములుగా ఆక్రమించి, సదరు అలుగుపై వేరుశనగ సాగు చేయుచున్నందున తొలగింపు గూర్చి. ఆధారము: శ్రీమతి భ్రమరాంబ గారి శుద్ధప్రతి, లేఖ 17." ఇరవైయొక్క రోజుల్లో ఖాళీ చేయాలి. ఖాళీ చేయవలసింది ఎకరా డెబ్బై సెంట్ల చేను, అందులో రెండు గదుల ఇల్లు, ఊడలు దిగుతున్న పంట. ఆమెకు ఈ భూమిమీద ఉన్నది అంతే.

"మా ఊరికి చెరువు ఏ కాలంలో ఉన్నింది మేడం? ఊరిపేరే మిట్ట. చెంబెడు నీళ్ళు పోస్తే చెంబెడూ కిందికి పోతాయి. మా అత్త బిందె నీళ్ళకు మైలు దూరం పోయేది. ఇంటి ముందర చెరువు పెట్టుకొని పోయిందా ఆమె?"

జరిగింది చెప్పాను. ఆమె మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నది.

"మా గట్టులో ఉండే అలుగా? చీమల్ని తినేది?"

"అదే."

"ఇప్పుడు గూడా ఉండాది. దానికి నాకు నోటీసా. ఈ మాటకు ఇంగో అర్థం గూడా ఉంది మేడం. మా ఆయన అలిగి పోయి తొమ్మిదేండ్లయింది. ఆయన్ను గూడా ఆ ఆఫీసోళ్ళు ఎతికి పెడతారేమో అడగండి."

"అడుగుతాను."

"వద్దులే. దొరికితే ఆయన్ను గూడా నా చేన్లోనే కట్టిస్తారు."

చక్రధర్ గారు మర్యాదస్థుడు. నేను ఓబుళమ్మతో వెళ్ళగానే లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు, నా శుద్ధప్రతి అక్షరాల గుండ్రదనాన్ని మెచ్చుకున్నాడు. ఓబుళమ్మను కూర్చోమనలేదు. నేను నా కుర్చీని ఆమెకిచ్చి నిలబడ్డాక మరో కుర్చీ వచ్చింది.

"ఇది జంతువు" అన్నాను.

"ఆ మేరకు శాఖ ఇంకా నిర్ణయం తీసుకోలేదు మేడం. మీరు దీన్ని సాహిత్యపరంగా చూస్తున్నారు. మేము సాంకేతికంగా పరిశీలిస్తాం." ఉత్తరాన్ని ముందు పెట్టుకుని పెన్సిలు తీశాడు. "పలకలు ఒకదానిపై నొకటి. అంటే రాతి పేర్పు. ఆనాటి పనితనం చూడండి."

"తాకగానే ముడుచుకుంటుందని ఉంది."

"ఉష్ణోగ్రతాజనిత సంకోచం. సున్నపు కట్టడాల్లో సహజం."

"తాకినందుకా?"

"తాకినవారి చేయి చల్లగా ఉండవచ్చు."

"చీమలను తింటుందని ఉంది."

ఆయన నావైపు సానుభూతితో చూశాడు. "అక్కడ శుద్ధప్రతిలో చిన్న దోషం దొర్లింది. ఎవరిదని నేను అనను. ‘చెమ్మను’ అని ఉండాలి. అలుగు చెమ్మను పీల్చుకోవడం నిర్మాణలోపం. శిరస్తాదారు దాన్ని గమనించి పై అధికారికి నివేదించాడు. అలాంటి సిబ్బంది ఇప్పుడు లేరు."

"పిల్ల అంటే?"

"పిల్లకాలువ."

"తోక?"

"టెయిల్ ఎండ్ మేడం. మేం రోజూ వాడే మాటే."

ఓబుళమ్మ నావైపు ఒరిగి, "మేడం, ఈయన దాని చెవులు గూడా యాడన్నా పెడతాడేమో చూడండి" అన్నది. ఆయనకు వినబడింది. విననట్టు ఉండడం ఆయన ఉద్యోగంలో భాగం.

"చివరి వాక్యం అతి ముఖ్యమైనది" అంటూ ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "‘అలుగు పారిపోయినది.’ విడదీసి చదవండి. పారి, పోయినది. 1871 నవంబరులో చెరువు నిండి అలుగు పారింది. తరువాత పోయింది. పారినట్టు ప్రభుత్వోద్యోగి సాక్ష్యం ఉంది. ఎవరు పోగొట్టారన్నదే మా విచారణ."

దేవాదాయ శాఖలో మూడు రోజులు తిరిగి తెచ్చిన పందొమ్మిదో ఉత్తరం నకలును ఆయన ముందు పెట్టాను. దానిమీది ముద్ర చూసి, కాగితాన్ని జాగ్రత్తగా బోర్లించాడు.

"ఇది మా శాఖకు చెందిన పత్రం కాదు. చదివితే నామీద చర్య ఉంటుంది."

"చదవకపోతే?"

"చదవనందుకు ఇంతవరకు ఎవరిమీదా చర్య తీసుకోలేదు మేడం."

నిఘంటువు తెరిచాను. రెండు అర్థాలూ వరుసగా ఉన్నాయి. ఆయన సంతోషించాడు. "ఏది ముందుంది?"

"చెరువుది."

"అయితే అది సీనియర్ అర్థం. సీనియర్‌ను పక్కనపెట్టి జూనియర్‌కు బాధ్యతలు అప్పగించే అధికారం నాకు లేదు. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి."

ఇచ్చాను. అది తేలేదాకా నోటీసు గడువు ఆగింది. ఇక్కడ నేను చేసిన తప్పును దాచను. తర్కానికి తర్కంతోనే జవాబు చెప్పాలని అనుకున్నాను. సర్వే పటం తెప్పించి లెక్కవేశాను. గువ్వలమిట్ట చుట్టుపక్కల నేలకంటే ముప్ఫైయొక్క మీటర్లు ఎత్తు. ఒక చెరువు అలుగు ఆ మిట్టమీద ఉండాలంటే నీళ్ళు ముందు ఆ ఎత్తుకు ఎక్కాలి. ఎక్కితే కింద ఇరవైరెండు గ్రామాలు, ఒక రైల్వేస్టేషను, రెండు కళాశాలలు, చక్రధర్ గారి కార్యాలయం, అన్నీ ఆ చెరువు అడుగున ఉంటాయి. పటంమీద ఆ మేరకు నీలిగీత గీసి, అభ్యంతరానికి జతచేశాను. ఇది చూశాక ఎవరైనా నవ్వి ఫైలు మూసేస్తారని నమ్మాను.

వారు నవ్వలేదు. కృతజ్ఞతలు తెలుపుతూ జవాబు రాశారు. "మీరు సమర్పించిన పూర్తి నీటిమట్టం గీత ఆమోదించడమైనది." వారంలోగా ఇరవైరెండు గ్రామాలకు, రైల్వేస్టేషనుకు, రెండు కళాశాలలకు చెరువుగర్భంలో ఉన్నందుకు నోటీసులు వెళ్ళాయి. ఒక నోటీసు చక్రధర్ గారు తన కార్యాలయానికి తానే ఇచ్చి, తానే అందుకుని సంతకం చేశాడు. కార్యాలయం వివరణకు గడువు కోరింది. కార్యాలయం గడువు ఇచ్చింది. "వివరణను పరిశీలించి సంతృప్తి చెందినందున మినహాయించడమైనది" అని నాలుగో రోజున తేలింది.

ఒకరికి మినహాయింపు దొరికిందని తెలిశాక మిగిలినవారు ఊరుకుంటారా? రైల్వేస్టేషను రాకపోకల ప్రయోజనార్థం చెరువునుంచి బయటికొచ్చింది. కళాశాలలు విద్యా ప్రయోజనార్థం వచ్చాయి. ఊళ్ళన్నీ ఒక్కొక్కటిగా, తమ తమ నాయకులను వెంటబెట్టుకుని, మినహాయింపు కాగితాలు తెచ్చుకున్నాయి. ఇరవైరెండో ఊరి సర్పంచు తిరిగి వెళ్తూ మా ఇంటిముందు ఆగి, "మీ గీత వల్ల మా ఊరికి ఇన్నాళ్ళకు ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది మేడం" అని దండం పెట్టిపోయాడు.

ఆగస్టు నెలాఖరుకు గువ్వలమిట్ట చెరువులో ఒక్క గుంట భూమి కూడా మిగలలేదు. కట్ట లేదు, నీరు లేదు, తూము లేదు. ఉన్నది అలుగు ఒక్కటే. ఓబుళమ్మ మినహాయింపు దరఖాస్తుమీద ఎర్రసిరాతో రాసి పంపారు: "చెరువుకు మినహాయింపు కలదు. అలుగుకు లేదు."

"అందరినీ గట్టెక్కిచ్చినారు మేడం" అన్నది ఓబుళమ్మ. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అందువల్ల ఇంకా బరువుగా తగిలింది.

సెప్టెంబరు ఆరో తేదీ ఉదయం పదకొండు గంటలకు అలుగు పునాదులు వెలికితీయడానికి చక్రధర్ గారు, ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, గడ్డపారలతో ఇద్దరు కూలీలు గువ్వలమిట్ట వచ్చారు. వాళ్ళ వెనకే ఊరు వచ్చింది.

"సార్, పంటలో నడవద్దండి. ఊడలు దిగుతాండాయి. గట్టుమీద రాండి" అన్నది ఓబుళమ్మ.

"అమ్మా, ఇది గట్టు కాదు. కట్టడం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సరే, కట్టడంమీదనే నడవండి. చేన్లో దిగొద్దు."

ఉత్తరంలో ఉన్నట్టు తూర్పు గట్టున తవ్వారు. మోకాలిలోతు పోగానే మట్టి కూలింది. బొరియ. అందులోంచి ఇటుకరంగు పొలుసుల బంతి ఒకటి దొర్లి, కూలీ కాళ్ళముందు ఆగింది. కూలీ గడ్డపార పక్కన పెట్టేశాడు.

"సార్, అలుగు."

పటం చూసుకుంటున్న ఇన్‌స్పెక్టరు తల ఎత్తకుండా, "దొరికిందా? పొడవు ఎంత?" అన్నాడు.

"రెండు మూరల పైనే ఉంటాది సార్. ఇప్పుకుంటే."

నూటయాభై ఏళ్ళ కిందట వీరరాఘవయ్య రాసింది రాసినట్టు, అదే గట్టున, అదే కొలతతో, అదే విధంగా ముడుచుకుని ఉంది. వీరరాఘవయ్య చూసిన దాని వంశమే కావచ్చు. చక్రధర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, దాని పక్కన గొంతుకూర్చున్నాడు. ఒక పొలుసుమీద వేలు ఆనించాడు. బంతి ఇంకాస్త బిగుసుకుంది.

"చిన్నప్పుడు మా జేజి చూపించింది" అన్నాడు, ఎవరితోనూ కాదు.

"ఏమని చెప్పింది?" అని అడిగాను.

"అలుగని."

ఆయన జేబులో ఫోను మోగింది. లేచి, నాలుగడుగులు పక్కకు పోయి మాట్లాడాడు. నాకు వినబడిన మాటలు మూడు: "ఏడోది. అవును సార్. ఈరోజే." తిరిగి వచ్చేసరికి ఆయన మొహంలో జేజి మనవడు లేడు.

పంచనామా చెప్పి రాయించాడు. "తవ్వకములో ఒక జీవి లభ్యమైనది. హాజరైన స్థానికులు ఏకగ్రీవముగా దానిని అలుగు అని పిలిచినారు. చెరువు అలుగులో నివసించుటచేతనే ఆ జీవికి సదరు పేరు సంక్రమించినదని స్పష్టము. కావున ఈ స్థలమున అలుగు ఉండెడిదని స్థానికుల వాఙ్మూలముచేతనే రుజువైనది."

"సార్, మీ పేరు చక్రధర్ గదా?" అన్నది ఓబుళమ్మ.

"అవునమ్మా."

"మీ ఇంట్లో చక్రం యాడ పెట్టినారు?"

ఊరు నవ్వింది. కూలీలు నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా దగ్గునటించి నవ్వాడు. చక్రధర్ గారు సంతకంకోసం కాగితం చాచాడు. ఓబుళమ్మ దానివైపు చూడకుండా, ఎరువు మోసే గంప తెచ్చి అలుగుమీద బోర్లించి, వాళ్ళ జీపు పోయేదాకా ఆ గంపపక్కనే నేలమీద కూర్చుంది. గంప ఎత్తాక చాలాసేపటికి బంతి విప్పుకుంది. కొండవైపు నడిచింది, తొందరలేకుండా. మళ్ళీ ఆ గట్టుకు రాలేదు.

సెప్టెంబరు పదిహేనున తుది ప్రకటన వెలువడింది. ఆఖరి పేరాలో విభాగం తన ఔదార్యాన్ని చాటుకుంది. "అలుగు అను పదమునకు చెరువు అలుగు కాక వేరొక అర్థము ప్రజల వాడుకలో కలదని తెలిసిన పౌరులు ఎవరైనా ఉన్నచో, స్వహస్తముతో వ్రాసి, సంతకముతో, సెప్టెంబరు ముప్పదిలోగా తెలియజేయవచ్చును. అట్టివారు రెండు వందలకు తగ్గినచో రెండవ అర్థము రద్దయినట్లు భావించబడును. వేలిముద్రలు చెల్లవు."

ఆఖరి రెండు మాటల ఆంతర్యం నాకు గువ్వలమిట్టలో తెలిసింది. ఆ మాట తెలిసిన ముసలివాళ్ళు ఆ ఊళ్ళో అరవైయెనిమిది మంది. అది ఎప్పుడు ఈనుతుందో, పిల్లను తోకమీద ఎన్నాళ్ళు మోస్తుందో, చెదలపుట్టను ఏ వైపునుంచి తవ్వుతుందో చెప్పగలరు. అరవైయెనిమిదిలో సంతకం చేయగలిగినవారు ముగ్గురు. ఎనభైయేళ్ళ గంగులప్ప బొటనవేలు నా ముందు చాచి, "ఈ ఏలు ఓటుకు పనికొచ్చింది, అలుగుకు పనికిరాదా మేడం?" అన్నాడు.

కళాశాలలో నా తరువాత వచ్చిన జంతుశాస్త్ర అధ్యాపకుణ్ణి అడిగాను. బుద్ధిమంతుడు, పరిశోధన చేసినవాడు. "పాంగోలిన్ అని రాసుంటే ఇప్పుడే సంతకం పెడతాను మేడం. ఈ అలుగనే మాట మా సిలబస్‌లో లేదు. తెలియని మాటకు తెలుసని ఎట్లా రాయను?" అన్నాడు. మినహాయింపు పొందిన ఇరవైరెండు ఊళ్ళలో చదువుకున్నవాళ్ళను అడిగాను. మాట తెలుసన్నారు. రాయమంటే, బయటపడ్డ చెరువులో మళ్ళీ కాలు పెట్టడమెందుకన్నారు. మస్తానయ్య రాసిచ్చాడు, ఉద్యోగానికి భయపడి పేరు లేకుండా. పేరు లేదని తిప్పి పంపారు.

ఈ రోజు సెప్టెంబరు పందొమ్మిది. చేరినవి ముప్ఫైయొకటి. కావలసినవి రెండు వందలు. ఓబుళమ్మ వేరుశనగ పీకడానికి ఇంకా పందొమ్మిది రోజులు కావాలి. రెండో అర్థం రద్దయి చేను పోయేలోగా విభాగం ఇచ్చింది పదకొండు. నిన్న వెళ్తే ఆమె కలుపు తీస్తోంది. "ఇంకెందుకమ్మా" అన్నాను. "కాయలకు నోటీసు ఇయ్యలేదు గదా మేడం. అవి ఊరుతాండాయి" అన్నది.

ఇక మీ సంగతి. ఇంతదూరం చదివారు కనుక మీకు చదవడం వచ్చు. రాయడమూ వచ్చు. ఈ మాట ఇంతకుముందు తెలియదని ఇక చెప్పలేరు. నేను చెప్పాను, మీరు విన్నారు. మీ జాలి ఆమెకు అక్కరలేదు. ఎవరో ఒకరు రాస్తారులే అని మీరు అనుకోబోతున్నారు. ఆ ఇరవైరెండు ఊళ్ళూ అదే అనుకున్నాయి. ఒక తెల్లకాగితం తీసుకోండి. "అలుగు అంటే ప్రాణమున్న జంతువని నాకు తెలుసు" అని మీ చేత్తో రాయండి. కింద మీ పూర్తిపేరు, ఊరు, సంతకం. ముప్ఫయ్యో తేదీలోగా మా జిల్లా చెరువుల విభాగానికి పోస్టు చేయండి. ముందు రాయండి, పేజీ తరువాత తిప్పవచ్చు.